పాత కిట్ కారుకు ఎంత పెట్టాలి?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లండు నుంచి వచ్చావు కదా, నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శి అడిగారు. విజయ రహస్యాలు చెప్పడానికి నాకంటే అర్హులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను ఈమధ్య తేల్చుకోవాల్సి వచ్చిన ఒక ఖర్చు గురించి చెబుతాను. మా గ్యారేజీలో ఒక పాత కిట్ స్పోర్ట్స్ కారు ఉంది. దాన్ని బాగు చేయడానికి ఎంత పెట్టాలన్నది ప్రశ్న.

కిట్ కారు అంటే కంపెనీ నుంచి తయారుగా వచ్చే కారు కాదు. ఛాసిస్, ఫైబర్‌గ్లాస్ బాడీ విడివిడిగా వస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసు ఏ పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచో తీసి, కొన్నవాళ్లే ఇంట్లో బిగించుకోవాలి. బ్రిటన్‌లో ఈ సరదాకు పన్ను కూడా ఒక కారణం. తయారైన కారు కొంటే పర్చేజ్ టాక్స్ కట్టాలి, కిట్‌గా కొంటే అక్కర్లేదు. కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ అలా ఎందరి గ్యారేజీల్లోనో తయారైంది. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. సరదా మాత్రం పోలేదు.

మా కారు 1980లలో కట్టింది. కట్టినాయన మా వీధి పెద్దాయన, వృత్తిరీత్యా ఫిట్టర్. రెండు చలికాలాలు గ్యారేజీలో కూర్చుని బిగించుకున్నారు. ఆయన పోయాక ఆవిడ నాకు 2,000 పౌండ్లకు ఇచ్చారు. విడగొట్టి అమ్ముకునేవాళ్లు ఎక్కువే ఇస్తామన్నారట. ఆవిడకు అది ఇష్టం లేదు.

ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే 14,000 పౌండ్ల అంచనా ఇచ్చారు. కొత్త ఛాసిస్, విప్పి కట్టిన ఇంజను, కొత్త రంగు, కొత్త సీట్లు, కొత్త డాష్‌బోర్డు. అంతా చేయించాక అమ్మితే 7,000 పలికితే గొప్ప. అంచనా కాగితం చూసి మా ఆవిడ ఒక్కటే అడిగింది, "ఏ ఖాతాలోంచి?" అని. ఇక్కడ మా అమ్మకు పగలూ రాత్రీ తోడుండే మనిషి జీతం వెళ్లేది ఆ ఖాతాలోంచే. రెండేళ్లలో నా ఉద్యోగం అయిపోతుంది. కాబట్టి ఆ డబ్బు ముట్టుకోకుండా మిగిలేది ఎంతో ముందు చూశాం. 5,500 తేలింది. కారుకు ఏం కావాలి అన్నది ఆ తర్వాతి మాట.

ఆ 5,500ను నాలుగు కుప్పలు చేశాను.

మొదటిది ప్రాణానికి సంబంధించింది, 3,000. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు కాబట్టి పైకి కారు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద ఇనుప గొట్టాలు లోపలినుంచి తినేసి ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ ఏళ్లు గడిచేకొద్దీ తేమ పీల్చుకుంటుంది. టైరు అరగకపోయినా వయసుతో గట్టిపడి పగులుతుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు. ఇక వైరింగ్. ఇనుప బాడీ అయితే అదే ఎర్త్ పని చేస్తుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి దీపానికీ వేరే ఎర్త్ తీగ ఉండాలి. ఆ అతుకులన్నీ చూడాలి. వీటిలో బేరం లేదు.

రెండోది నడకకు, 1,000. ఇంజను విప్పేముందు కంప్రెషన్, ఆయిల్ ప్రెషర్ చూశాం. రెండూ బాగున్నాయి. బాగున్న ఇంజనును సరదాకు విప్పనక్కర్లేదు.

మూడోది మెరుపుకు, 300. నాలుగోది 1,200, చేతిలోనే ఉంచుకోవాలి. విప్పితే గానీ లోతు తెలియని పని ఇది.

14,000 ఎక్కడ 5,500 అయిందో చెబుతాను. కంపెనీ కారుకు మొదటి రూపం ఒకటి ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లడమే బాగు చేయడం. కిట్ కారుకు అలాంటి రూపం కంపెనీలో లేదు. కట్టినవాడి చేతిలో ఎలా తేలితే అదే దాని అసలు రూపం. ఆ పెద్దాయన డాష్‌బోర్డు ఓక్ చెక్కతో కోసుకున్నారు. మీటర్లు రెండూ కొంచెం వంకరగా ఉంటాయి. వర్క్‌షాప్ వాళ్లు తీసేయమన్నదాన్ని నేను ఉంచుతున్నాను. సీట్లూ ఆయన కుట్టించినవే. వాటిని ఉంచడానికి ఖర్చు లేదు.

ఎక్కడ ఆపాలో కూడా మొదటి బోల్టు విప్పకముందే కాగితం మీద రాసిపెట్టాం. తిరిగి వెళ్లాక వచ్చే నెలలో బాడీ పైకెత్తి ఛాసిస్ గొట్టాలు సుత్తితో తట్టి చూస్తాం. ఒకటి రెండు చోట్ల పోతే వెల్డింగు చేయిస్తాను. సగం పోయి ఉంటే అక్కడితో ఆపుతాను. ఇంజను, గేర్‌బాక్సు ఇంకో కిట్ కారు కట్టుకునేవాళ్లకు ఇస్తాను, డాష్‌బోర్డు ఆవిడకు తిరిగిస్తాను. ఈ మాట ఆవిడకు ముందే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తట్టేటప్పుడు నన్నూ పిలు" అన్నారు.

మీలో చాలామంది ఇళ్లలో నాన్నగారి చేతక్ స్కూటరో, తాతగారి అంబాసిడరో షెడ్డులో ఉండే ఉంటుంది. మన దేశంలోనూ ఇప్పుడు ఇ20 పెట్రోలు వచ్చింది, 20 శాతం ఇథనాల్. స్టార్టు చేసేముందు రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ సీళ్లు మార్పించండి. ఖర్చు ఏ ఖాతాలోంచో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నాన్నగారు వేయించిన స్టిక్కరు, ఆయన పట్టిన హ్యాండిల్ గ్రిప్పు మెకానిక్ తీసి పారేయకముందే చెప్పి ఉంచండి. రంగు సంగతి ఆఖరున చూసుకోవచ్చు.