నెక్ టర్నింగ్: కోసే ముందు కొలవండి

నేను టెక్సస్ నుంచి మాట్లాడుతున్నాను. రీలోడింగ్ మీద ఎపిసోడ్‌లు మొదలుపెట్టాక ఎక్కువమంది అడిగింది ఇదే: "అన్నా, నెక్ టర్నింగ్ టూల్ కొంటే నా గ్రూప్ చిన్నదవుతుందా?" ఈరోజు దానికి సూటిగా జవాబు చెప్పుకుందాం.

ముందు ఒక ముఖ్యమైన మాట. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఉన్న మన స్టూడెంట్స్ కూడా జాగ్రత్తగా వినండి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీకు వర్తిస్తుందో లేదో లాయర్‌ని అడగండి, రూమ్మేట్‌ని కాదు. ఇంట్లో దొరికిన ఒక్క తూటా కూడా మీ వీసా మీదకి తెస్తుంది.

ఇప్పుడు సబ్జెక్ట్‌లోకి వద్దాం. మనం మామూలుగా తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం. నిజానికి ముందు ఎగిరిపోయేదే బుల్లెట్. దాన్ని పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం కేస్. ఆ కేస్ పైభాగంలో సన్నగా ఉండి బుల్లెట్‌ని బిగించి పట్టుకునేది నెక్. కేస్ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కేస్‌లో నెక్ గోడ చుట్టూ ఒకే మందం ఉండకపోవచ్చు. ఒక పక్క 0.012 అంగుళం, ఇంకో పక్క 0.014 అంగుళం ఉందనుకోండి. అంగుళంలో వెయ్యో వంతు అంటే మనం ప్రింట్ తీసే ఏ4 పేపర్ మందంలో సుమారు నాలుగో వంతు. అంత చిన్న తేడాకే బుల్లెట్ మధ్యగీతకి కొంచెం పక్కకి జరిగి కూర్చుంటుంది. చిన్న కత్తితో నెక్ బయటి వైపు గీకి, గోడ మందాన్ని చుట్టూ సమానం చేయడమే నెక్ టర్నింగ్.

మరి ఎంత గీకాలి? అది మీ రైఫిల్ చాంబర్ చెప్పాలి. 6 ఎంఎం పీపీసీ తీసుకోండి. 1970లలో లూ పాల్మిసానో, ఫెర్రిస్ పిండెల్ తయారు చేసిన ఈ తూటా బెంచ్‌రెస్ట్ పోటీలను ఏలింది. చాలా పోటీ రైఫిళ్లలో దీని చాంబర్ నెక్ 0.262 అంగుళం. బుల్లెట్ 0.243. నెక్ గోడ 0.0085కి టర్న్ చేస్తే రెండు పక్కలా కలిపి 0.017. మొత్తం 0.260. అంటే 0.002 అంగుళం ఖాళీ మిగిలింది.

అదే గోడ 0.013 ఉంటే? మొత్తం 0.269. ఆ తూటా చాంబర్‌లోకే పోదు. అసలు ప్రమాదం మధ్యలో ఉంది. తూటా బిగుతుగా, బలవంతంగా లోపలికి పోయిందనుకోండి. కాల్చినప్పుడు నెక్ వెడల్పయ్యి బుల్లెట్‌ని వదలాలి. వదలడానికి చోటు లేకపోతే ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ రైఫిల్ వెనక ఉండేది మీ ముఖం. అందుకే లెక్క కాగితం మీద వేసి వదిలేయకండి. తయారైన తూటా నెక్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, చాంబర్ నెక్‌తో పోల్చి చూడండి. కేస్ బ్రాండ్ మారినా, నెక్ మందం మారినా, రీలోడింగ్ మాన్యువల్‌లోని స్టార్టింగ్ లోడ్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

టర్నింగ్ ఎలా జరుగుతుంది? ముందు కేస్ నెక్‌ని ఎక్స్‌పాండర్ మాండ్రెల్ మీద ఎక్కిస్తాం. టర్నింగ్ టూల్ కడ్డీకి సరిగ్గా సరిపోయేలా లోపలి సైజు అప్పుడు వస్తుంది. కడ్డీకి కొంచెం లూబ్ రాసి, నిదానంగా తిప్పుతాం. తొందరపడితే వేడెక్కుతుంది, వేడెక్కితే కొలత మారుతుంది. పనికిరాని కేస్ మీద కత్తి సెట్ చేసి, బాల్ మైక్రోమీటర్‌తో కొలిచాకే మంచి కేస్ ముట్టుకోవాలి. గీకేసిన ఇత్తడిని మళ్లీ అంటించలేం కదా. మరీ పలచన చేస్తే నెక్ తొందరగా చీలిపోతుంది కూడా.

తర్వాత సైజింగ్. కాల్చిన నెక్ వెడల్పవుతుంది, దాన్ని మళ్లీ కుదించాలి. బుషింగ్ డై బయటి నుంచి నొక్కుతుంది. మన 0.260 తూటాకి 0.258 బుషింగ్ వేస్తే, బుల్లెట్ మీద సుమారు 0.002 పట్టు వస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. గోడ మందంలో తేడా ఉంటే బుషింగ్ ఆ తేడాని లోపలికి తోస్తుంది. ఆ తర్వాత మాండ్రెల్ దింపితే అది బయటికి పోతుంది, బుల్లెట్ తగిలే లోపలి వైపు గుండ్రంగా ఉంటుంది. టర్న్ చేయని కేస్‌లకి ఇదే తక్కువ ఖర్చుతో అయ్యే పని.

ఇంకోటి, ఇత్తడి దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది. పెంబర్తి ఇత్తడి పని చూసినవాళ్లకి తెలుసు, రేకుని కొట్టి కొట్టి, గట్టిపడగానే మళ్లీ కాల్చి మెత్తబరుస్తారు. నెక్‌కి చేసే ఆనీలింగ్ కూడా అదే సూత్రం. అది చేయకపోతే ఒక్కో కేస్ ఒక్కోలా పట్టుకుంటుంది. అయితే వేడి నెక్, షోల్డర్ వరకే పోవాలి. కేస్ అడుగు భాగం మెత్తబడితే ప్రెషర్‌ని ఆపలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు. మీది మామూలు ఫ్యాక్టరీ చాంబర్ అయితే, దాంట్లో ఖాళీ ముందే ఎక్కువగా ఉంటుంది. టర్న్ చేస్తే ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది, లాభం మాత్రం కనిపించకపోవచ్చు. 1980ల మొదట్లో హ్యూస్టన్‌లో కొందరు షూటర్లు గాలి లేని ఒక పెద్ద వేర్‌హౌస్ లోపల పరీక్షలు చేశారు. అలాంటి చోట వెయ్యో వంతు తేడా బయటపడొచ్చు. బయట రేంజ్‌లో ఒక్క గాలి విసురు దాన్ని మింగేస్తుంది.

కాబట్టి టర్నింగ్ టూల్ కంటే ముందు మైక్రోమీటర్ కొనండి. మీ కేస్‌లు ఇరవై కొలవండి. సమానంగా ఉన్నవి ఒక డబ్బాలో, తేడా ఉన్నవి ఇంకో డబ్బాలో వేయండి. ముందు సమానమైన వాటితోనే కాల్చి చూడండి. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది, డబ్బులు కూడా మిగులుతాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆనీలింగ్ గురించి వివరంగా మాట్లాడుకుందాం. కళ్లద్దాలు పెట్టుకోండి, కొలిచి చేయండి. ఉంటాను మరి, నమస్తే.