తూకం రోగి చేతికి



గుండె వైఫల్యంతో వార్డులో చేరిన రోగికి నర్సులం రోజూ బరువు చూస్తాం, కేసు షీటులో రాస్తాం. ఆయాసంతో కూర్చునే తెల్లవార్లూ గడిపిన మనిషి ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్లతో ఒంట్లో నీరు పోయి కొన్ని కిలోలు తగ్గాక హాయిగా పడుకుంటాడు. ఆ అంకె ఎందుకు తగ్గిందో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పరు. డిశ్చార్జి నాడు బిల్లు హడావుడిలో ఒక కాగితం చేతిలో పెట్టి, "ఉప్పు తగ్గించండి, మందులు మానకండి" అంటాం. దాన్ని బోధన అనడానికి నాకు మనసొప్పదు.

మనిషి తన సంరక్షణ తాను చేసుకోలేని చోటే నర్సు అవసరం పడుతుందని డొరోథియా ఓరెమ్ 1971లో వచ్చిన తన పుస్తకంలో సిద్ధాంతీకరించారు. 2012లో బార్బరా రీగెల్ బృందం దీర్ఘవ్యాధుల్లో ఆ సంరక్షణను మూడు పనులుగా విడదీసింది: ఆరోగ్యం నిలకడగా ఉంచుకోవడం, మార్పును కనిపెట్టడం, కనిపెట్టాక తగినట్టు నడుచుకోవడం. మనం నేర్పేదంతా మొదటిదాని దగ్గరే ఆగిపోతోంది.

మిగతా రెండూ మంచం దగ్గరే అలవాటు కావాలి. రోగి లేచి నిలబడగలిగిన నాటి నుంచే ఉదయం మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కు ముందు తానే తూకం ఎక్కి, తన చేత్తో అంకె రాయాలి. చదువు రాకపోతే మనవడు రాస్తాడు. "మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఏం చేస్తావు తాతా?" అని అడగండి. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపేవాళ్ళే. మాత్రల రేకులు ముందు పరిచి నీరు తీసే బిళ్ళ ఏదో చూపించమనండి. "ఇదేనమ్మా, ఊరెళ్ళే రోజు వేసుకోను, బస్సులో ఇబ్బంది" అంటాడు. ఏ కాగితమూ బయటపెట్టని సంగతి అది. ఆ రోజు బిళ్ళ మానకుండా ఏ వేళకు వేసుకోవచ్చో డాక్టరుగారిని అడిగి చెప్పగలిగేది ఆ మాట విన్న సిస్టరే.

ఉప్పు సంగతి వండిపెట్టే మనిషికి చెప్పాలి. రెండు గ్రాముల సోడియం అంటే వంటింట్లో చెల్లదు. పథ్యమని కూరలో ఉప్పు తగ్గించి, నోరు చప్పగా ఉందని ఆవకాయ నంజుతారు. అప్పడాలు, మజ్జిగలో ఉప్పు లెక్కలోకే రావు. మోకాళ్ళ నొప్పికి షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ ఒంట్లో నీరు నిలిపేస్తుందని ఆ పూటే చెప్పేయండి.

వార్డు నిండా రోగులు, డ్యూటీలో ఇద్దరం, తీరికెక్కడిది అంటారు. న్యాయమైన మాటే. కానీ ఇంజెక్షన్ ఇస్తే రాస్తాం, నేర్పితే రాయం. రాయని పని ఏ లెక్కలోనూ పని కాదు, దానికి పోస్టులు అడిగే దారీ ఉండదు. అందుకే కేసు షీటులో "రోగి స్వయంగా చేసి చూపినవి" అనే గడి పెట్టించాలని ఈ సభలో మధ్యాహ్నం తీర్మానం తెస్తున్నాం. నమూనా మీ ఫైళ్ళలో ఉంది. వార్డులో నడవనిదేదైనా కనిపిస్తే నిర్మొహమాటంగా కొట్టేసి ఇవ్వండి.