తాబేలుకు నామినీ ఎవరు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పునిచ్చి, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఆ తీర్పు గురించీ, డి.ఆర్. బకాయిల గురించీ నాకంటె బాగా తెలిసిన పెద్దలు ముందే మాట్లాడినారు. నాకిచ్చిన పదిహేను నిమిషాలలో వేరే విషయం చెప్పడానికి అధ్యక్షుల వారు అనుమతించారు. ఆ విషయం మన ఇండ్లలో మూగగా పడివున్న తాబేళ్ళు. నవ్వేవారు నవ్వండి. ధర్మవరం మిత్రుడొకరు ఇందాకనే అడిగినారు, “ఏమప్పా, తాబేలుకు పెన్షన్ శాంక్షన్ చేయించడానికి వచ్చినావా?” అని. పెన్షన్ కాదు గాని, దానికీ ఒక హక్కు ఉన్నది. కోర్టుకు పోయే నోరు దానికి లేదు, అంతే తేడా.

నేను 1973లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేసినాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అంటే ఆ చట్టమూ నేనూ ఇంచుమించు ఒకే బ్యాచి. నా సర్వీసు అయిపోయింది, దాని సర్వీసు ఇంకా నడుస్తూనే ఉన్నది. ఆ చట్టం కింద నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. 2022లో చట్టాన్ని సవరించి దీనిని మొదటి షెడ్యూలులోకి, అనగా పులీ ఏనుగూ ఉన్న జాబితాలోకి చేర్చినారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. శిక్ష మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల వరకు జైలు, ఇరవై ఐదు వేలకు తగ్గని జరిమానా. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ‘సైటిస్’ ఒడంబడికలో కూడా 2019లో దీనిని మొదటి అనుబంధానికి మార్చినారు. ఇన్ని కట్టుదిట్టాలు ఉన్నా మన వీధిలో పది ఇండ్లు తిరిగితే ఏదో ఒక ఇంటి పెరట్లో ఒక తాబేలు కనబడుతుంది. అదృష్టం అని ఒకరు, వాస్తు అని ఒకరు, మనవడు ముచ్చటపడినాడని ఇంకొకరు తెచ్చి పెట్టుకుంటారు.

ఈ జీవి మన నేలది. నల్లని డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల వలె విచ్చుకొని ఉంటాయి. వానలు తక్కువ పడే మన గుట్టలూ, ముళ్ళపొదలూ, శెనక్కాయ చేల గట్లూ, నాగజెముడు కంచెలూ దాని కాపురం. వానాకాలంలో ఉదయం, సాయంత్రం తిరుగుతుంది. ఎండ ముదిరితే పొద కిందికి చేరుతుంది. గరిక, లేత ఆకులు, రాలిన పండ్లు దాని తిండి. ఆడది గుంత తవ్వి కొద్దిపాటి గుడ్లే పెడుతుంది. అవి పొదగడానికి నెలలు పడుతుంది. ఒక పిల్ల పెరిగి తల్లి కావడానికి ఏండ్లు కావాలి. కనుక గుట్ట మీద నుండి పది తాబేళ్ళను గోతంలో వేసుకొని పోతే, ఆ లోటు తీరడానికి ఒక తరం పడుతుంది.

పోయేది పది కాదు. 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో మన దేశంలోని ఒక్క సేకరణ కేంద్రం నుండే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు పట్టుబడి వ్యాపారానికి పోతున్నవని తేల్చినారు. గొర్రెలు కాసేవానికో, కట్టెలకు పోయినవానికో నాలుగు డబ్బులు ఇచ్చి తెప్పిస్తారు. అక్కడ నుండి గుడ్డలో చుట్టి, కాళ్ళు కదలకుండా టేపు వేసి, సూటుకేసులలో రైళ్ళు ఎక్కిస్తారు, విమానాలు ఎక్కిస్తారు. తిండీ నీళ్ళూ లేక దారిలోనే కొన్ని చచ్చిపోతాయి. 2018 నవంబరులో సింగపూరు నుండి 51 నక్షత్ర తాబేళ్ళను తిరిగి బెంగుళూరుకు తెచ్చినారు. అక్కడి జీవకారుణ్య సంస్థ, మన దేశపు వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. సంస్థ, కర్ణాటక అటవీ శాఖ కలిసి చేసిన పని అది. సముద్రం దాటినవి 51 మాత్రం తిరిగి వచ్చినవి. మిగిలిన వేల లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇక మన ఇండ్ల సంగతికి వస్తాను. ఈ ఆరేడేండ్లలో నేనూ, మరి ఇద్దరు ముగ్గురు మిత్రులూ కలిసి ఇటువంటి ఇండ్లకు పోయి మాట్లాడుతున్నాము. మూడు సంగతులు చెబుతాను. పేర్లు చెప్పను.

మొదటిది ధర్మవరంలో. గుంతమగ్గం ఉన్న ఇల్లు. పట్టుచీరెల వ్యాపారం దెబ్బతిన్నప్పుడు ఎవరో ఒకాయన ఈశాన్యంలో నీటిలో తాబేలును ఉంచితే లక్ష్మి నిలుస్తుందని చెప్పినాడట. ప్లాస్టిక్ టబ్బులో సగం నీళ్ళు పోసి నక్షత్ర తాబేలును అందులో వేసినారు. ఇది మెట్ట తాబేలయ్యా, ఈత రాదు! ఏడేండ్లు అది ఆ నీళ్ళలోనే తల పైకెత్తుకొని బ్రతికింది. తిండి అన్నం మెతుకులు, బన్ను ముక్కలు. ఎండ తగలదు. ఎండ లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారు కాదు, అది లేకపోతే సున్నం వంటబట్టదు, సున్నం లేకపోతే డిప్ప గట్టిపడదు. మేము చూసేటప్పటికి దాని డిప్ప వేలితో నొక్కితే లోపలికి పోతున్నది. కాళ్ళు ఒంటిని లేపలేవు. ముక్కు నుండి నీరు కారుతున్నది. ఆ ఇంటి పెద్దాయన చేతులు వణుకుతూ, “సార్, కేసు పెడతారేమో సార్, రాత్రిపూట చెరువులో వేసి వస్తాను” అన్నాడు. వద్దని చెప్పి, ఆయననే వెంట పెట్టుకొని అటవీ శాఖ వారి వద్దకు పోయి అప్పగించినాము. పశువైద్యులు చూసినారు, మందులు వాడినారు. పదకొండవ రోజున అది చచ్చిపోయింది. ఆ ఇంటి అవ్వకు సంగతి చెబితే, “లక్ష్మి అనుకొని పెట్టుకొంటిమి గదప్పా, దాని కడుపు కొట్టినామా?” అని ఏడ్చింది. ఆ అవ్వకు చెడ్డ బుద్ధి లేదు. రోజూ దానికి దండం పెట్టింది. అయితే దండం పెట్టినంత మాత్రాన ఆకలి తెలియదు, రోగం తెలియదు. ఆ సంగతి మాలో ఎవ్వరమూ మరచిపోలేదు.

రెండవది హిందూపురంలో. మన సభ్యుడే, కాలం చేసినాడు. ఆయన పెరట్లో ఇరవై ఏండ్లకు పైగా ఒక తాబేలు ఉండేది. మట్టి నేల, చెట్ల నీడ, ఆకుకూరలు. పెంచడం తప్పే అయినా బాగానే చూసుకున్నాడు. ఆయన పోయిన తరువాత కొడుకులు తల్లిని బెంగుళూరు ఫ్లాటుకు తీసుకొని పోయినారు. ఇల్లు బాడుగకు ఇచ్చినారు. బ్యాంకు ఖాతా, ఫ్యామిలీ పెన్షన్, ఇంటి పన్ను అన్నిటికీ కాగితాలు రాసుకున్నారు గాని తాబేలు ఎవరికీ గుర్తు రాలేదు. బాడుగకు వచ్చినవారు దానిని స్నానాల గదిలో పెట్టి తలుపు వేసినారు. రెండు నెలలు సిమెంటు నేల మీద చీకట్లో ఉన్నది. పక్కింటి చెల్లెమ్మ సొరకాయ తొక్కు వేస్తూ ఉండబట్టి బ్రతికింది. ఆమె ద్వారానే మాకు తెలిసింది. దానిని రేంజి కార్యాలయంలో అప్పగించి, అలవాటు పోక, అక్నాలెడ్జిమెంటు కూడా తీసుకున్నాను. అక్కడి వారు నవ్వినారు గాని రాసి ఇచ్చినారు. అది బ్రతికింది.

మూడవది పెనుకొండలో. రిటైరైన ఉపాధ్యాయుల ఇల్లు. కొడుకు పట్నంలో అక్వేరియం అంగడిలో రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ తాబేలును కొని, కొన్నాళ్ళు పెంచి, ఉద్యోగం మారేటప్పుడు తండ్రి వద్ద వదలిపెట్టినాడు. కండ్ల వెనుక ఎర్రని పట్టీ ఉంటుంది. ఇది అమెరికా దేశపు మిసిసిపీ నదీ ప్రాంతపు నీటి తాబేలు. రూపాయి బిళ్ళంతది పళ్ళెమంత అవుతుంది, ముప్పై ఏండ్లయినా బ్రతకగలదు. గాజు తొట్టి చాలక, నీళ్ళు కంపు కొట్టి, మాస్టారు విసిగి దానిని చెరువులో వదులుదామని బయలుదేరినారు. పుణ్యం అనుకున్నారు. అది పుణ్యం కాదని చెప్పవలసి వచ్చింది. ప్రపంచంలో మిక్కిలి హాని చేసే వలస జీవులు నూరింటి జాబితాలో ఇది ఒకటి. మన చెరువులో వేస్తే మన తాబేళ్ళ తిండినీ, ఎండ కాచుకొనే చోటునూ ఆక్రమిస్తుంది, రోగాలు తెస్తుంది. యూరోపు దేశాలు 1997లోనే దీని దిగుమతిని ఆపివేసినవి. అమెరికాలో 1975 నుండి నాలుగు అంగుళాల లోపు తాబేలు పిల్లలను పెంపకానికి అమ్మకూడదు. కారణం, వాటి ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా క్రిముల వలన చిన్న పిల్లలకు జబ్బులు రావడమే. మాస్టారు అర్థం చేసుకున్నారు. పెద్ద సిమెంటు తొట్టి కట్టించి, ఎండ పడే చోట మెట్టు పెట్టించి, ఆ జీవి ఉన్నంతకాలం చూసుకుంటానన్నారు. ఇప్పుడు కొడుకు ఫోను చేస్తే ముందు తాబేలును అడుగుతాడట, తరువాత తండ్రిని!

ఈ మూడింటిలో ఎవ్వరూ దుర్మార్గులు కారు. ఒకరిది మూఢనమ్మకం, ఒకరిది మరపు, ఒకరిది తెలియకపోవడం. చెప్పేవారు ఉంటే మారేవారే. చెప్పవలసినవారము మనమే. మనకు సమయం ఉన్నది, మన మాటకు వీధిలో ఇంకా కొంత విలువ ఉన్నది. కనుక మన పాత సర్క్యులరు పద్ధతిలోనే నాలుగు అంశములు మనవి చేస్తున్నాను.

ఒకటి: నక్షత్ర తాబేలు గాని, మన దేశపు మరే అడవి తాబేలు గాని, ఉడుము గాని, రెండుతలల పాము గాని కొనవద్దు, ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. రెండుతలల పాముకు ఉన్నది ఒకటే తల, రెండవది మొద్దు తోక. దానితో కోట్లు వస్తాయని నమ్మి ఉన్న డబ్బు పోగొట్టుకున్నవారు మన జిల్లాలలోనే ఉన్నారు.

రెండు: ఇప్పటికే ఇంట్లో ఉంటే దాచవద్దు. రాత్రిపూట గుట్ట మీదనో చెరువులోనో వదలవద్దు. ఏండ్లు ఇంట్లో పెరిగినదానికి తిండి వెదుక్కోవడం రాదు, దాని రోగం అడవిలో వాటికి అంటుకుంటుంది. దగ్గరి అటవీ రేంజి కార్యాలయానికి మీరే పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి అప్పగించండి. చట్టం కఠినమైనదే, నేను వకీలును కాను. మేము వెంట పోయిన చోట్ల మాత్రం తామంతట తాము వచ్చి అప్పగించినవారిని అధికారులు మర్యాదగానే చూసినారు. భయంగా ఉంటే మాకు చెప్పండి, తోడు వస్తాము.

మూడు: ఇగువానా, బాల్ పైథాన్ వంటి విదేశీ జీవులను మన పిల్లలు బెంగుళూరు, హైదరాబాదులలో పెంచుతున్నారు. సైటిస్ జాబితాలో ఉన్నవాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలని 2022 సవరణ చెబుతున్నది. అందుకు 2024లో నియమావళి వచ్చింది. ఆ జీవి పిల్లలు పెట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. మీ పిల్లలకు ఈ సంగతి తెలుసునో లేదో అడగండి. కొనేముందు అది ఎంత పెరుగుతుంది, ఎన్నేండ్లు బ్రతుకుతుంది, ఏమి తింటుంది, వైద్యం చేసేవారు ఎక్కడ ఉన్నారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు లేకపోతే కొనవద్దని చెప్పండి.

నాలుగు: దారి దాటుతున్న తాబేలు కనబడితే ఇంటికి తేవద్దు. అది పోతున్న వైపుకే రోడ్డు దాటించి వదలిపెట్టండి. చేనులో కనబడితే చేనులోనే ఉండనివ్వండి. గొర్రెల కాపరులతో కూడా ఈ మాట చెప్పండి.

కూర్మావతారాన్ని కొలిచే జాతి మనది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో స్వామి తాబేలు రూపంలో పూజలందుకుంటున్నాడు. మన రాజ్యాంగం కూడా 51-ఎ అధికరణంలో ప్రాణులన్నిటి యెడల దయ కలిగి ఉండడం పౌరుని విధి అని రాసింది. భక్తి చెప్పినా, చట్టం చెప్పినా మాట ఒక్కటే.

ఆఖరుగా ఒక్క మనవి. మనలో చాలామందిమి డెబ్బై దాటినాము. పెన్షన్ కాగితాలలో నామినీ పేరు రాసినాము, బ్యాంకులో రాసినాము, గ్యాసు కనెక్షనుకు కూడా రాసినాము. తాబేలు మనకంటె ఎక్కువ కాలం బ్రతకవచ్చు. మన ఇంట్లో అటువంటి ప్రాణి ఉంటే, మన తరువాత దాని గతి ఏమిటో మనం ఉన్నప్పుడే తేల్చడం ధర్మం. నక్షత్ర తాబేలైతే నామినీ అడవి శాఖే, ఆ అప్పగింత ఈ నెలలోనే చేయండి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎట్లాగూ ఆఫీసుకు పోతారు, అదే రోజు ఈ పనీ చూసుకోండి.