తియ్యని మాటకు తగిన ప్రశ్న
(గ్రామ పంచాయతి సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, బాటలు — ఇవి పంచాయతి చూడవలసిన పనులని అందరును ఎరుగుదురు. లెక్కల పుస్తకములో కనబడని పని మరియొకటి కలదు. మాయమాటలతో జనులను లోబరచుకొను వారిని సకాలమున గుర్తించి ఊరిని కాపాడుట ఆ పని. నేడు దానిని గురించియే మేము మీతో ముచ్చటింపదలచితిమి.

ఇట్టి మనుష్యుడు ఊరికి వచ్చినపుడు మొట్టమొదట ఎవరి యింటికి పోవును? పేదవాని గుడిసెకు పోడు. సర్పంచి గడపకో, సభ్యుని అరుగునకో పోవును. ఒక శాలువ కప్పును, దండ వేయును, ప్రక్కన నిలిచి ఫోటో తీయించుకొనును. మరునాటి నుండి ఆ ఫోటోయే వానికి పెట్టుబడి. “మీ పెద్దలే మాతో ఉన్నారు” అని యింటింటను చెప్పును. మీరు ఒక్క రూపాయి తినకపోవచ్చును, ఒక్క మాట ఆడకపోవచ్చును. అయినను పైకము పోయిన నాడు విధవరాలైన ముసలమ్మ వచ్చి నిలుచునది మీ గుమ్మము ముందరనే. కాబట్టి ఈ విషయము అందరికంటె మీకు ముఖ్యమైనది.

మన పల్నాడు ఈ పాఠమును క్రొత్తగా నేర్వవలసిన సీమ కాదు. 12వ శతాబ్దమునాటి పల్నాటి కథను మనవారు తరతరములుగా విని యున్నారు. గురజాల, మాచెర్ల పక్షముల నడుమ రాజ్యమే కోడిపందెమున ఒడ్డబడినది. ఆ పందెమున కపటము జరిగినదని కథకులు చెప్పుదురు. ఓడినవారు ఏడేండ్లు వలస పోవలసి వచ్చినది. తుదకు కారెంపూడి కడ నాగులేటి యొడ్డున అన్నదమ్ముల బిడ్డలే నేలకూలిరి. తప్పు ఏ పక్షముదని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. పౌరుషము రెచ్చగొట్టబడినపుడు, “ఓడినచో ఏమగును?” అను చిన్న ప్రశ్న వేయువాడు ఆ సభలో నిలువలేకపోయెను. శూరులకు కొరత లేదు. నిలిచి ఆలోచించుటకు వ్యవధి లేకపోయెను. నేటికిని కారెంపూడిలో వీరుల తిరునాళ్ల జరుపుకొనుచున్న మనము ఈ అంశమును కూడ స్మరింపవలసి యున్నది.

ఇక మన కాలమునకు వత్తము. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిరి. అంతకుముందు వానకై ఆకసము వైపు చూచిన పొలములలో క్రమముగా వరి, పత్తి, మిరప పండినవి. పంటతోపాటు చేతికి నగదు వచ్చినది. నగదు ఉన్న చోటికి దానిని అడుగువారును వచ్చిరి.

ఆగ్రిగోల్డు సంస్థ సంగతి మీలో చాలమందికి తెలియును. 1995లో మొదలైన ఆ సంస్థ స్థలములు ఇత్తుమనియు, లేనిచో అధిక మొత్తము తిరిగి ఇత్తుమనియు చెప్పి పలు రాష్ట్రములలో పైకము వసూలు చేసినది. సుమారు 32 లక్షల ఖాతాలలో దాదాపు 6,380 కోట్ల రూపాయలు చేరినవని దర్యాప్తులో తేలినది. 2014 నాటికి చెల్లింపులు నిలిచిపోయినవి. 2015లో పోలీసు కేసు నమోదైనది. ఆస్తుల స్వాధీనము, న్యాయస్థానముల విచారణ ఏండ్ల తరబడి సాగినవి. 2019 నవంబరులో గుంటూరున రాష్ట్ర ప్రభుత్వము పది వేల రూపాయల లోపు కట్టినవారికి సుమారు 264 కోట్ల పంపిణీని ప్రారంభించినది. ఆ చిన్న మొత్తములు కట్టిన వారెవరు? కూలికి పోయి, దినమున కొంత కూడబెట్టిన వారు.

ఆ పైకము వసూలు చేసినది ఎవరో పరదేశులు కారు. మన ఊరివారే, మన బంధువులే, చదువుకొన్న యువకులే ఏజెంట్లుగా నుండిరి. వారిలో అనేకులు తమ సొమ్మును, అత్తవారి సొమ్మును కూడ అందులోనే పెట్టిరి. సంస్థ మూతపడగా వారు ఊరిలో తల ఎత్తుకొనలేకపోయిరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు. కావున చెప్పువాడు మంచివాడా కాదా అని మాత్రమే చూచినచో చాలదు. వాడు చెప్పునది పొసగునా పొసగదా అని చూడవలెను. మంచివాడు కూడ మోసపు మాటను నమ్మి మోసికొని రావచ్చును.

చదువు మనకు ఇచ్చునది ఈ వివేచనయే. అక్షరములు వచ్చిన మాత్రమున ఇది రాదు. ఆకర్షణ సిద్ధాంతమును చెప్పిన మహామేధావి న్యూటను 1720లో ఇంగ్లండున సౌత్ సీ కంపెనీ వాటాలు కొని భారీగా నష్టపోయెను. నేడును డాక్టర్లు, విశ్రాంత ఉద్యోగులు “డిజిటల్ అరెస్టు” అను బెదిరింపునకు లోబడి లక్షలు పోగొట్టుకొనుచున్నారు. ఫోనులో అరెస్టు చేయుట అనునది మన చట్టములలో ఎక్కడను లేదు. అంత చదివినవారు ఆ ఒక్క ప్రశ్న అడుగలేకపోవుటకు కారణము భయము, తొందర. కాబట్టి చదువుతోపాటు, చదివినదానిని కష్టసమయమున వాడుకొను అలవాటును కావలెను.

ఈ విషయమున 1920లో అమెరికాలోని బోస్టను నగరమున జరిగినది మనకు పాఠము. పోంజీ అను వాడు 45 దినములలో నూటికి ఏబది లాభము ఇత్తునని ప్రకటించెను. విదేశపు తపాలా కూపనులను కొని అమ్ముటవలన ఈ లాభము వచ్చుచున్నదని చెప్పెను. వేలాది జనులు వాని కార్యాలయము ముందు బారులు తీరిరి. క్లారెన్సు బారను అను పత్రికా సంపాదకుడు ఒక చిన్న లెక్క వేసెను. వసూలైన సొమ్మునకు సరిపడ వ్యాపారము జరుగవలెనన్న 16 కోట్ల కూపనులు కావలెను. చెలామణిలో ఉన్నవి సుమారు 27 వేలు మాత్రమే! ఆ యేడు ఆగస్టులో పోంజీ కట్టడమంతయు కూలిపోయెను. తొలుత వచ్చినవారికి ఇచ్చిన లాభము, వెనుక వచ్చినవారి అసలు సొమ్మే అని బయటపడెను.

మన రచ్చబండ మీద కూడ ఇట్టి లెక్క వేయవచ్చును. “మూడేండ్లలో రెట్టింపు” అని ఒకడు చెప్పెననుకొనుడు. అనగా ఏడాదికి నూటికి సుమారు 26 రూపాయలు. మన వాడుకలో నెలకు రెండు రూపాయల పైచిలుకు వడ్డీ. ఇంత ఇచ్చి, ఏజెంటునకు కమీషను ఇచ్చి, జీతములు ఇచ్చి, తానును మిగుల్చుకొనవలెనన్న వాడు ఏ వ్యాపారము చేయుచున్నాడు? ఎకరము మిరప వేసిన రైతునకు ఏటేట అట్టి లాభము నిశ్చయముగా వచ్చుచున్నదా? వచ్చుట లేదని మీకే తెలియును.

మరియొకడు, “మీరు ఐదుగురిని చేర్పించుడు, వారు తలకు ఐదుగురిని చేర్పింతురు” అనును. మొదట 5, పిమ్మట 25, 125, 625. ఐదవ మెట్టున 3,125. అన్నియు కలిపిన 3,905 మంది. ఒక పెద్ద గ్రామము అంతటితో అయిపోయినది. కట్టకడపట చేరిన ఆ 3,125 మంది ఎవరిని చేర్పింపవలెను? గొలుసు తెగునది వారి మెడ మీదనే. ఇట్టి గొలుసుకట్టు పథకములను 1978లోనే చట్టము నిషేధించినది.

లెక్కకు అందని మోసములును కలవు. అట్టివారిని నడవడినిబట్టి గుర్తింపవలెను. మాయగాడు మొదట పొగడును. తరువాత తొందరపెట్టును: “నేటి సాయంకాలముతో గడువు తీరును” అనును. పిమ్మట రహస్యము కోరును: “ఇంటిలో చెప్పవద్దు, ఊరిలో తెలిసిన అందరును ఎగబడుదురు” అనును. పెద్దల పేర్లు వాడుకొనును. ప్రశ్న అడిగినచో కోపగించును, లేదా అడిగినవానిని తెలివితక్కువవానిగా చేసి నవ్వును. ఈ గుర్తులలో రెండు కనబడినను ఆగవలెను. నిజము నిలకడ మీద తెలియునని మన పెద్దలు ఊరక అనలేదు. న్యాయమైన వ్యవహారము వారము దినములు ఆగినను చెడిపోదు.

ఇక పంచాయతి చేయదగిన పనులు కొన్ని మనవి చేయుచున్నాము.

మొదటిది: తెల్ల కాగితము మీద, చదివి వినిపింపని కాగితము మీద మీరు సంతకము చేయవద్దు, వేలిముద్ర వేయు వారిని వేయనీయవద్దు. చదువువచ్చిన సభ్యుడు రాని సభ్యునకు ప్రతి తీర్మానమును బిగ్గరగా చదివి వినిపింపవలెను. అడుగుట అవమానము కాదు, అడుగనీయకపోవుట అవమానము.

రెండవది: పైకము వసూలు చేయ వచ్చిన ఏ సంస్థనైనను గ్రామసభ ముందు నిలుపుడు. ఏ చట్టము క్రింద, ఎవరి అనుమతితో వసూలు చేయుచున్నారో కాగితము చూపుమనుడు. చీటీలకు 1982 నాటి చట్టము కలదు. అనుమతి లేని డిపాజిట్ల వసూలును 2019 నాటి చట్టము నిషేధించుచున్నది. కాగితము చూపలేనివానికి మీ అరుగు మీద చోటు, మీ ప్రక్కన ఫోటో దొరకరాదు.

మూడవది: విత్తనములు, పురుగుమందులు కొన్న రైతు రసీదును, లాటు నంబరుగల సంచిని పంట చేతికి వచ్చువరకు దాచవలెనని చాటింపు వేయించుడు. రసీదు లేనిచో నకిలీ విత్తనము మీద ఫిర్యాదు నిలుచుట కష్టము.

నాలుగవది: ఫోనుద్వారా పైకము పోయినచో 1930 నంబరునకు వెంటనే తెలుపవలెనని పంచాయతి గోడమీద వ్రాయించుడు. ఆలస్యమైన కొలది పైకము దొరకుట దుర్లభము.

ఐదవది: మోసపోయినవానిని ఎగతాళి చేయవద్దు. నవ్వులపాలు అగుదునను భయముననే వాడు నోరు మూసికొనును. వాని మౌనమే మాయగానికి రక్ష. అంతలో వాడు ప్రక్క యింటిలో ప్రవేశించును. “నాకు ఇట్లు జరిగినది” అని గ్రామసభలో చెప్పినవాడు ఊరికి మేలు చేసినవాడని గౌరవింపుడు.

కడపటి మాట. అందరిని అనుమానించుమని మేము చెప్పుట లేదు. నమ్మకము లేనిదే ఊరు నిలువదు, చేబదులు పుట్టదు, కోతకు సాయము రాదు. పరీక్షించి ఉంచిన నమ్మకమే గట్టిది. బడిలో పిల్లవానికి గుణింతముతోపాటు “ఎందుకు? ఎట్లు? ఎవరు చెప్పిరి?” అని అడుగుటయు నేర్పవలెను. ఆ పిల్లవాడు ఇంటిలో ఆ ప్రశ్న వేసినపుడు తండ్రి కసరక బదులు చెప్పవలెను. పంచాయతి సమావేశములో అతి చిన్న సభ్యుడు, క్రొత్తగా ఎన్నికైన సోదరి ఆ ప్రశ్న వేసినపుడు సర్పంచి వినవలెను. ప్రశ్నకు చోటున్న ఊరిలో మాయగానికి చోటుండదు. అట్టి ఊళ్లుగా మన పల్నాటి పల్లెలను తీర్చుకొందము.