వారం వారం లెక్క సరిచూసుకోండి
(స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో సాయంత్రం నగదు, పుస్తకం సరిపోతేనే ఇంటికి బయలుదేరేవాళ్ళం. పది రూపాయల తేడా అయినా ఆ రోజే వెతకాలి. ఆడిటర్ వచ్చేదాకా ఆగితే అది ఎక్కడ మొదలైందో తెలియదు. చదువులో తేడా కూడా అంతే. ఇదివరకు ఏడాది చివరి పరీక్షలో గాని అది బయటపడేది కాదు. ఆన్‌లైన్ కోర్సుల్లో వారం వారం బయటపడుతుంది.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ ప్రారంభించింది. అందులో కామర్స్, ఆర్ట్స్ కోర్సులు కూడా ఉన్నాయి. చేరడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చదవడానికి విశ్వవిద్యాలయం అనుమతించవచ్చు. మీ కాలేజీ ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తుందో ముందే అడిగి చేరండి.

ఎన్‌పీటీఈఎల్ మార్కుల పద్ధతి చెబుతాను. ప్రతివారం అసైన్‌మెంట్ ఉంటుంది. పన్నెండు వారాల కోర్సులో మెరుగైన ఎనిమిదింటి సగటు తీసుకొని 25 మార్కులకు లెక్క కడతారు. మిగిలిన 75 పరీక్షా కేంద్రంలో రాసే పరీక్షకు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి.

బాబులూ, అమ్మాయిలూ, ఇక్కడే జాగ్రత్త! స్నేహితుడు పంపిన జవాబులు చూసి నొక్కితే 25కి 25 రావచ్చు. కానీ పరీక్ష హాలులో ఆ స్నేహితుడు ఉండడు. అక్కడ 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు, కట్టిన ఫీజూ పోయినట్టే. మీరే చేసి ఆరు తప్పులు పోయినా, గడువు ముగిశాక వచ్చే సరైన జవాబులు చూసి ఆ పాఠం మళ్ళీ వినండి. తేడా దొరికిన చోటే దిద్దుకున్నట్టవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఫోన్ పట్టుకుంటే ఆటలే అనుకోకండి. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే రోజూ ఒక గంట వాళ్ళకు కేటాయించండి. “ఎన్ని మార్కులు?” అని కాక, “ఈ వారం ఏది తప్పుపోయింది? ఎందుకు?” అని అడగండి. మీకు ఆ సబ్జెక్టు తెలియనక్కరలేదు. పిల్లలు మీకు వివరించి చెప్పగలిగితే వాళ్ళకు వచ్చినట్టే.

ట్రస్టు ఇచ్చే డబ్బు ఫీజుకు సరిపోతుంది. వారం వారం లెక్క చూసుకునే అలవాటు మాత్రం మీరే చేసుకోవాలి.