ఇంట్లో ఉండి చదివిన డిగ్రీ

మొన్న ఆదివారం తిరుపతి మీటింగులో మాట్లాడిందే ఇక్కడ కొంచెం సరిచేసి రాసి పెడుతున్నా. కూలి పోగొట్టుకుని రాలేకపోయినవాళ్లు శానామంది ఉండారు, వాళ్లు తీరిగ్గా చదువుకోండి.

పోయిన నెల మీటింగు అయిపోయి కుర్చీలు ఎత్తేస్తుంటే ఒక చెల్లెలు వచ్చి నన్ను అడిగింది. "అన్నా, ఇంట్లో ఉండి చదివే డిగ్రీ నిజం డిగ్రీనేనా? మా ఊర్లో అందరూ అది ఉత్త కాగితం అంటుండారు." ఆ పాప ఇంటర్ పాసై రెండేళ్లయింది. తిరుపతిలో బట్టల షాపులో పని చేస్తోంది. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి తొమ్మిదికి ఇల్లు. సోషల్ వర్క్ చదవాలని ఆశ. నిజం డిగ్రీనే అని ఒక్క మాట చెప్పేసి బస్సు ఎక్కించినా. కానీ ఆ ఒక్క మాట సరిపోదు. ఆ పాపకి చెప్పాల్సింది ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నా.

నేను బీఎస్‌డబ్ల్యూ చదివింది దూరవిద్యలోనే. బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్. మూడేళ్ల కోర్సు నాకు నాలుగున్నరేళ్లు పట్టింది, దాచుకునేది ఏం లేదు. మాది శ్రీకాళహస్తి అవతల యానాది సంఘం. మా నాయన మామిడి తోటకు కావలి. ఇంటర్ అయినాక రెగ్యులర్ కాలేజీలో చేరినా, అయిదు నెలలకే అమ్మకి జబ్బు చేసింది. హాస్టల్ పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసినా. జూన్, జూలైలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది.

మొదట నేను మోసపోయిన సంగతి చెప్పాలి. టౌన్లో ఒక రూములో బోర్డు పెట్టుకున్నాయన "ఒకే సంవత్సరంలో డిగ్రీ, ఫీల్డ్ వర్క్ అక్కర్లేదు, పరీక్ష మేం చూసుకుంటాం" అన్నాడు. అమ్మ దాచుకున్న పన్నెండు వేలు తీసుకుపోయి ఇచ్చినా. రసీదు కూడా అడగలేదు. మూడు నెలల తర్వాత రూముకి తాళం, ఫోన్ స్విచ్ ఆఫ్. ఆ డబ్బు ఈరోజుకీ రాలేదు. అందుకే చెబుతున్నా, ఒక్క సంవత్సరంలో డిగ్రీ అనే మాట మీ చెవిన పడిందంటే అక్కడ కూర్చోవద్దు, లేచి వచ్చేయండి. మూడేళ్ల డిగ్రీని ఒక్క సంవత్సరంలో ఇచ్చే గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దేశంలో లేదు. యూజీసీ 2020లో పెట్టిన దూరవిద్య, ఆన్‌లైన్ విద్య నిబంధనల ప్రకారం ఫ్రాంచైజీ పద్ధతే చెల్లదు. అంటే "మేం ఆ యూనివర్సిటీ తరఫున" అంటూ కూర్చునే ప్రైవేటు రూములకు ఆ హక్కు లేదు. ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం పోర్టల్‌లోనే కట్టాలి.

చేరేముందు చూసుకోవాల్సింది ఇంకా ఉంది. యూజీసీలో దూరవిద్యా బ్యూరో అని ఒకటి ఉంటుంది, డెబ్ అంటారు. ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో దాని వెబ్‌సైట్‌లో ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరు కనబడితే చాలదు, మీ కోర్సు పేరు కూడా ఆ సంవత్సరం జాబితాలో ఉందా చూడాలి. ఎందుకంటే ఈ అనుమతులు మారుతుంటాయి. 2025లో సైకాలజీ లాంటి కొన్ని సబ్జెక్టులను దూరవిద్య నుంచి, ఆన్‌లైన్ నుంచి తీసేశారు. 2024 నుంచి ప్రతి విద్యార్థికీ డెబ్ ఐడీ తప్పనిసరి చేశారు. దానికి ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ చేసుకోవాలి, దానికి ఆధార్ కావాలి. మన పిల్లలు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఒక పేరు. ఇంటిపేరు ఒక దాంట్లో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. అడ్మిషన్ చివరి తేదీ దాకా ఆగకుండా ముందే సరిచేయించుకోండి.

ఇక ఉత్త కాగితం అనేవాళ్లకి జవాబు. అనుమతి ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలోనో, ఆన్‌లైన్‌లోనో తెచ్చుకున్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది కూడా తెలుగువాళ్ల మధ్యనే, 1982లో. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇగ్నో వచ్చింది దాని తర్వాత, 1985లో. ఇగ్నోలో బీఎస్‌డబ్ల్యూ మూడేళ్లది, ఆరేళ్లలోపు పూర్తి చేసుకునే వీలు ఉంది. కూలి చేసుకుంటూ చదివేవాళ్లకు ఆ వెసులుబాటు ఎంత విలువైనదో చదివినవాళ్లకే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

సోషల్ వర్క్‌లో ఫీల్డ్ వర్క్ ఉంటుంది. వీడియోలు చూసి, అసైన్‌మెంట్లు రాసి పాసయ్యే కోర్సు కాదిది. ఒక సూపర్‌వైజర్ కింద జనంలోకి పోవాలి, చేసింది జర్నల్‌లో రాయాలి. పట్నం పిల్లలు దీనికోసం బస్తీలు వెతుక్కుంటూ పోతారు. నేను మాత్రం ఇంట్లోనుంచి గడప దాటితే చాలు, అదే ఫీల్డు. నాకు ఇది శానా సులభం అనుకున్నా. మా సంఘం గురించి నాకు ఒకరు నేర్పేది ఏముంటుంది అనే గర్వం కూడా ఉండేది.

మొదటి జర్నల్‌లో ఒక కుటుంబం గురించి రాసినా. బాతులు మేపుకుంటూ ఊరూరూ తిరిగే కుటుంబం, పిల్లలకి ఆధార్ లేదు, బడి లేదు. "తల్లిదండ్రులకు అవగాహన లేకపోవడం వల్ల" అని రాసినా. పుస్తకాల్లో అన్నిచోట్లా అట్లానే ఉంటుంది కదా. సూపర్‌వైజర్ మేడమ్ ఆ మాట కింద గీత గీసి, "వాళ్లు ఎన్నిసార్లు ఆఫీసుకు పోయారో అడిగావా?" అన్నారు. అడగలేదు. పోయి అడిగితే నాలుగుసార్లు పోయినారంట. పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నారంట. చెరువు గట్టు మీద పుట్టిన బిడ్డకి ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? నాలుగుసార్లు పోయిన మనిషిని పట్టుకుని అవగాహన లేదని రాసింది నేనే, అదీ వాళ్ల జాతివాడినే. ఆ పేజీ చించేయలేదు, ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మన గురించి ఇట్లా రాయడం కొత్త కాదు. సోషల్ వర్క్ చరిత్ర పాఠంలో లండన్, చికాగో, ఆ తర్వాత 1936లో బొంబాయిలో టాటా వాళ్లు పెట్టిన స్కూలు వస్తాయి. అదే రోజుల్లో మన దగ్గర ఏం జరిగింది? నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టూవర్టుపురం అట్లా పుట్టిందే, సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సంస్కరణ. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాస్ కావాలి. ఆ చట్టం రద్దయింది 1952లో. దాని రద్దు కోసం, యానాదుల కోసం వెన్నెలకంటి రాఘవయ్య గారు నెల్లూరు నుంచి జీవితమంతా పనిచేశారు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు. ఆయనంటే గౌరవం ఉంది. అయితే ఆయన మనవాడు కాదు. మన జర్నల్ మనమే రాసుకునే రోజు ఈ కోర్సులో వస్తుంది, నాకు దీనిమీద ఇంత పట్టుదల అందుకే.

రెండో ఏడాదిలో వెట్టిచాకిరీ గురించి చదివినా. 1976 చట్టం. దాంట్లో ఆరో సెక్షన్ ఏం చెబుతుందంటే, వెట్టికి కారణమైన బాకీ చట్టం దృష్టిలో బాకీయే కాదు, తీర్చక్కర్లేదు. పదిహేనో సెక్షన్ ప్రకారం అది వెట్టి బాకీ కాదని రుజువు చేయాల్సింది అప్పు ఇచ్చినవాడే, కూలివాడు కాదు. 1982లో ఆసియా క్రీడల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీనే అంది. అది చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. ఎందుకంటే మా నాయన ఆ తోటలో పదకొండేళ్లుగా ఉండాడు. నా అక్క పెళ్లికి తీసుకున్న అడ్వాన్స్ కోసం. రాత్రి పగలు కావలి, నెలకి చేతికొచ్చేది బియ్యానికి సరిపోదు, ఊరికి పోవాలంటే అడిగి పోవాలి. పుస్తకంలో ఉన్న నిర్వచనం మా ఇంట్లో మంచం మీద పడుకుని దగ్గుతోంది.

పొద్దున్నే నాయన దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించినా. సబ్ కలెక్టర్‌కి అర్జీ పెడదాం, విచారణ చేస్తారు, విడుదల సర్టిఫికెట్ ఇస్తారు, 2016 పథకం కింద మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, ఇంకా ఘోరమైన కేసులకు మూడు లక్షల దాకా పునరావాసం ఉంది, ముందుగా చేతికిచ్చే సాయం కూడా ముప్పై వేల దాకా ఉంది అని లెక్కలన్నీ చెప్పినా. నాయన అంతా విని, "అడ్వాన్స్ తీసుకుని ఎగ్గొట్టినోడని పేరొస్తే రేపు నీ తమ్ముడికి ఎవరు పనిస్తారు నాయనా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నేనే అర్జీ రాసేస్తా, ఆయన వేలిముద్ర ఏం అవసరం అనుకున్నా. మన పాఠాల్లో ఒక సూత్రం ఉంటుంది, స్వీయ నిర్ణయం అని. సాయం కోసం వచ్చిన మనిషి తన జీవితం గురించి తానే నిర్ణయించుకోవాలి, నువ్వు దారులు చూపించాలి కానీ నెట్టకూడదు అని. పరీక్షలో దానికి పది మార్కుల జవాబు రాసినా. ఇంట్లో మాత్రం ఆ పది మార్కులు శానా కష్టం అనిపించినాయి. మేడమ్‌కి ఫోన్ చేసి ఏడ్చినా. ఆమె "మీ నాయన భయం కూడా సమాచారమే, అది రాసుకో" అన్నారు.

మూడు నెలలు పట్టింది. మా సంఘంలో తోట కావళ్లు ఉన్న ఇళ్లు ఇంకో ఆరు తేలాయి. నాయన ఒక్కడే కాదని తెలిసినాక ఆయన గొంతు మారింది. అర్జీకి అయితే ఒప్పుకోలేదు. అందరూ కలిసి పోయి లెక్క కాగితం మీద రాసిమ్మని తోటల వాళ్లను అడిగారు. అంతే, ఇంకేం అడగలేదు. పదకొండేళ్లలో లెక్క కాగితం మీద అడగడం అదే మొదటిసారి. మాకు కాగితం రాలేదు కానీ, "ఇంక పొండి, బాకీ లేదు" అనే మాట వచ్చింది. ఏడుగురిలో నలుగురు బయటపడ్డారు. ముగ్గురు ఇంకా అక్కడే ఉండారు. నాయన ఇప్పుడు ఇంట్లో ఉండాడు, చేపల వల అల్లుకుంటున్నాడు. విడుదల సర్టిఫికెట్ లేదు కాబట్టి ఒక్క రూపాయి పునరావాసం రాలేదు. నేను చేసింది సరైందా కాదా అని ఇప్పటికీ మా స్నేహితులతో వాదన జరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. బీఎస్‌డబ్ల్యూ చేస్తే సర్కారు ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఏ డిగ్రీ అయినా చాలు అనే పోటీ పరీక్షలకు ఇది పనికొస్తుంది. పిల్లల రక్షణ, మహిళల సహాయ కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థల్లో పని దొరుకుతుంది, ఎక్కువ భాగం కాంట్రాక్టే, జీతం తక్కువే. ముందుకు పోవాలంటే ఎంఎస్‌డబ్ల్యూ చేయాలి. ఆడపిల్లలకు తిరుపతిలోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది.

ఇంకో కష్టం భాష. నాకు వచ్చిన పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి. తెలుగు మీడియం వాడిని, మొదటి పేజీ చదవడానికి ఒక పూట పట్టింది. మేం నలుగురం ఆదివారాలు కలిసి కూర్చుని, ఒకరు చదివితే ఒకరు తెలుగులో చెప్పుకున్నాం. మా నలుగురిలో ఇద్దరు యానాదులు, ఒకరు ఎరుకల, ఒకరు సుగాలి. ఒకే ఫోన్, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేది. పరీక్ష రోజుల్లో కూలి పోతుంది, దానికి ముందే కొంచెం దాచి పెట్టుకోండి.

ఫీల్డ్ వర్క్ జర్నల్ డబ్బులిచ్చి రాయించుకునే బేరం కూడా మీ దగ్గరికి వస్తుంది. నాకూ వచ్చింది. అది తీసుకుంటే డిగ్రీ రావచ్చు. మా నాయన మాత్రం ఇంకా ఆ తోటలోనే ఉండేవాడు.

ఆ చెల్లెలు పోయిన వారం ఫోన్ చేసింది. ఏబీసీ ఐడీ చేయబోతే పేరు కలవలేదంట, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో లేదు. షాపులో సెలవు అడిగింది. సోమవారం పొద్దున ఆధార్ కేంద్రానికి పోతున్నాం. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు ఆధార్, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల ధృవీకరణ పత్రం తీసుకుని రండి, అందరం ఒకే లైన్లో నిలబడదాం.