చెవి ముందు, అక్షరం తరువాత
(టాటీబంధ్‌లో మన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పసిపిల్లలకు పాటల ద్వారా ప్రాసపదాలు గుర్తించడం ఎలా నేర్పాలో చెప్పమన్నారు. సిగ్నల్స్‌లో పనిచేసినవాడికి దీంతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. వైర్‌లెస్ సెట్టు మీద బి, సి, డి, పి, టి, వి అని ఇంగ్లీషు అక్షరాలు చెబితే అవతలివాడికి ఏది ఏదో తేలదు. అన్నీ ఒకే చప్పుడుతో ముగుస్తాయి కదా! అందుకే ఆల్ఫా, బ్రావో, చార్లీ వచ్చాయి. ఇప్పుడు వాడే పట్టిక 1956 నుంచి అమల్లో ఉంది. సెట్టు మీద మనం పనిగట్టుకుని తీసేసిన ఆ పోలికే పసివాడి చదువుకు పునాది. రెండు మాటల్లో మొదటి చప్పుడు మాత్రమే వేరు, మిగతాదంతా ఒకటే అని చెవి పట్టుకున్న రోజున, మాటను ముక్కలు చేయవచ్చని పిల్లవాడికి తెలుస్తుంది. చదవడమంటే ఆ ముక్కల్ని అక్షరాలతో జతపరచడమే.

ఇది నా సొంత ఊహ కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ బ్రయంట్, లినెట్ బ్రాడ్లీ, వారి సహచరులు 64 మంది పిల్లల్ని సుమారు మూడేళ్ళ వయసు నుంచి ఆరేళ్ళు దాటేవరకు గమనించి 1989లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్ళప్పుడు పిల్లల పాటలు బాగా తెలిసినవారు తరువాత చదవడంలో, స్పెల్లింగులో ముందున్నారు. తెలివితేటలు, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. అది ఇంగ్లీషు పిల్లల సంగతి. మన పిల్లలకు మన దారి చూసుకోవాలి.

మనం ఉన్న చోటు చూడండి. 1931లో రాయపూర్ - విజయనగరం రైలు మార్గం పూర్తయింది. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎందరో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ పిల్లలకు వాడలో తెలుగు వినిపిస్తుంది. మన ఫౌజీ పిల్లలకు ఆ అదృష్టం కూడా లేదు. రెండు మూడేళ్ళకోసారి పోస్టింగు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, బళ్ళో ఇంగ్లీషు. మూడూ సగం సగం అయితే పిల్లవాడు మాట్లాడటమే తగ్గించేస్తాడు. కాబట్టి ఇంట్లో ఉన్న భాషతోనే చెవిని తయారుచేయాలి. ఒక భాషలో చప్పుడు పట్టుకోవడం వచ్చిన చెవి రెండో భాషలోనూ పనికొస్తుంది.

మరి ఎలా నేర్పాలి? మొదట పుస్తకం వద్దు, పలక వద్దు. అమ్మమ్మలు, నాయనమ్మలు పాడిన చిన్న పాటలు చాలు. రోజూ ఒకే పాట వారం రోజులు పాడండి. తరువాత చరణం చివరి మాట దగ్గర ఆగండి, పిల్లవాడే పూర్తిచేస్తాడు. ఇది మొదటి మెట్టు.

రెండో మెట్టు, పొసగని మాటను పట్టుకోవడం. 'పాలు, కాలు, చెట్టు' అని చెప్పి ఏది కలవలేదో అడగండి. 'పాలు'కు జత అడిగితే చాలామంది పిల్లలు 'పెరుగు' అంటారు. అది తప్పని కసురుకోకండి. వాడు అర్థం చూశాడు, చప్పుడు చూడలేదు. 'పాలు... కాలు' అని మళ్ళీ నెమ్మదిగా అనిపించండి.

మూడో మెట్టు, మొదటి చప్పుడు మార్చడం. మన టాటీబంధ్ పేరే తీసుకోండి. 'టాటి, తాటి, సాటి, నాటి, పాటి'. మధ్యలో అర్థం లేని మాట పుట్టినా ఫరవాలేదు, నవ్వుకోనివ్వండి.

తెలుగులో ఒక జాగ్రత్త కావాలి. 'పువ్వులు, మేడలు' రెండూ 'లు'తో ముగుస్తాయి. అది బహువచనం ఇచ్చిన పోలిక. మొదట్లో పరవాలేదు గానీ, తరువాత 'పాలు, కాలు, చాలు' లాంటి గట్టి జతలకు రావాలి. మనకొక సౌకర్యమూ ఉంది. 'బడి, గుడి, తడి' అని విన్నాక రాసి చూపిస్తే ఆ చివరి 'డి' కంటికీ ఒకేలా కనిపిస్తుంది. ఇంగ్లీషులో 'బ్లూ, షూ, టూ' చెవికి ఒకటే, రాతలో మూడు రకాలు. అందుకే అక్కడా చెవి ముందు, స్పెల్లింగు తరువాత.

చెవి ద్వారా పాట ఎంత దూరం పోతుందో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు చూపించారు. ఆయన 1905లో బరంపురంలో, అంటే నేటి ఒడిశాలో, పుట్టినవారు. భార్య కామేశ్వరిగారితో కలిసి రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపారు, 1945లో 'బాల' పత్రిక పెట్టారు. ఆ దంపతులు ఊరూరా తిరగకుండానే వారి గొంతు ఇంటింటికీ చేరింది. ఫీల్డ్ ఏరియాలో ఉన్న తండ్రికి ఇదే నేను చెప్పేది. ఫోను దొరికిన పది నిమిషాల్లో 'బాగా చదువుతున్నావా' అని అడిగితే జవాబు 'ఆఁ' అని వచ్చి ఆగిపోతుంది. 'నేను 'రాయి' అంటాను, నువ్వేమంటావు నాన్నా' అని అడగండి. వాడు 'కాయి' అన్నా, 'హాయి' అన్నా సంభాషణ నడుస్తుంది. చదువూ నడుస్తుంది, నాన్న గొంతూ గుర్తుంటుంది.

చివరగా ఒక మాట. ఎన్నాళ్ళు ఆడించినా జత మాటలు పట్టుకోలేక, ప్రతిదీ రెండోసారి చెప్పమనే పిల్లల్ని మొద్దు అనకండి. జలుబు చేసినప్పుడల్లా చెవి పోటు వచ్చే పిల్లలకు వినికిడి తగ్గి ఉండవచ్చు. 2012లో మొదలైన ఎయిమ్స్ ఇక్కడే టాటీబంధ్‌లో ఉంది. ముందు చెవి పరీక్ష చేయించండి, తరువాత చదువు సంగతి చూద్దాం.

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తే ట్రంకు పెట్టెల్లో అన్నీ పట్టవు. పాటకు పెట్టె అక్కర్లేదు, లగేజీ బరువు లేదు. ఏ స్టేషనుకు వెళ్ళినా వెంట తీసుకెళ్ళండి.

జై హింద్!